వేళ్లు చెప్పిన అబద్ధం

పొద్దున్నే గుమ్మంలో ఒకే ఒక్క చెప్పు కనిపించేసరికి బొత్తాలమ్మకు ఒళ్లు మండిపోయింది.

"ఏమండీ! ఎడమకాలి చెప్పు ఏమైంది?" అని అక్కడినుంచే కేకేసింది.

"గుమ్మంలోనే ఉంటుంది, ఇంకెక్కడికి పోతుంది?" అన్నారు మాస్టారు లోపలినుంచి తాపీగా.

గుమ్మంలో లేదు. పాలు తేవడానికి రెండు చెప్పులేసుకుని వెళ్లిన మనిషి ఒక్కటేసుకుని తిరిగొచ్చి, ఆ సంగతే తెలియకుండా అద్దం ముందు నిలబడి తల దువ్వుకుంటున్నారు. ఆమె ఆ ఒంటి చెప్పు తెచ్చి ఆయన కళ్ల ముందు ఆడించింది. మాస్టారు కిందికి వంగి, దుమ్ము కొట్టుకుపోయిన తన ఎడమ పాదాన్ని పరాయివాడి పాదం చూసినట్టు చూసుకుని "అరె" అన్నారు.

"అరె అట, అరె! మొన్న బస్సులో వదిలేశారు. అంతకుముందు మంగలి కొట్లో. కాలి అంచు మొద్దుబారింది, కాస్త చూసుకుని నడవండి మహాప్రభో అని నెత్తీ నోరూ కొట్టుకుంటున్నానా?"

"పోనీవే. కాలు ఇచ్చింది చేయి కోసమేగా. చేయి బాగుపడింది. లెక్క సరిపోయింది."

ఈ మాట వింటే ఆమె కోపం సగం దిగిపోతుందని ఆయనకు తెలుసు. దిగిపోయింది కూడా. మిగతా సగంతో గొణుక్కుంటూ ఆమె చెప్పు వెతకడానికి వీధిలోకి వెళ్లింది.

వీధిలో అందరికీ ఆమె బొత్తాలమ్మే. ముందుగదిలోని కుట్టుకొట్లో మాస్టారు కత్తిరించి కుట్టిన ప్రతి బట్టకీ కాజాలు తీసి బొత్తాలు కుట్టేది ఆమె. అంతా సవ్యంగా సాగుతుండగా కిందటేడు ఓ మధ్యాహ్నం కొట్టు కిటికీ అద్దం తుడుస్తుంటే అది విరిగి, మాస్టారి కుడి మోచేతి కింద కత్తిలా దిగింది. గాయం మానింది. బొటనవేలూ, చూపుడువేలూ, మధ్యవేలూ మాత్రం చెక్కముక్కల్లా ఉండిపోయాయి. సూది పట్టుకుంటే పట్టుకున్నట్టు తెలియదు. జారిపోతే జారినట్టు తెలియదు. ఆ మూడు వేళ్లూ లేని దర్జీ ఎందుకు పనికొస్తాడు?

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ చూసి, లోపల నరం తెగిపోయిందని చెప్పింది. తెగిన కొసలు రెండూ దూరం జరిగిపోయాయట. లాగి కుడితే బిగుసుకుని చచ్చుబడిపోతుంది కాబట్టి కాలి పిక్కలోంచి ఒక సన్నని నరం తీసి మధ్యలో వెయ్యాలంది, తీసినందుకు ఆ పాదం అంచు మొద్దుబారుతుందని కూడా చెప్పింది. బొత్తాలమ్మకు ఒక్క ముక్కా ఎక్కలేదు గానీ మాస్టారికి ఇట్టే అర్థమైంది.

"చాలని గుడ్డకి అతుకేస్తారు. అంతేనా? దారం ఏ నంబరు వాడతారు?" అని అడిగారు.

డాక్టరమ్మ నవ్వి, వెంట్రుక కంటే సన్నని దారమనీ, మైక్రోస్కోపులో చూస్తూ కుడతామనీ చెప్పింది. ఆ దారం సంగతి మాస్టారు వీధంతా టముకు వేశారు. అతుకు మాత్రం దారి చూపిస్తుందంతే. పైనుంచి నరం తనంతట తాను ఆ దారిలో పెరిగి వేళ్లదాకా రావాలి. టేపు మీద అన్నిటికన్నా చిన్న గీత ఉంటుందే, రోజుకి అంత పెరిగితే గొప్ప. అడిగినవాళ్లందరికీ సాయంత్రానికి ఇచ్చేస్తానని చెప్పే మనిషికి అదెంత శిక్షో వేరే చెప్పాలా?

ఆపరేషన్ అయ్యాక వ్యాయామాలు చేయించే అమ్మాయి ఇంట్లో రోజూ చేయమని ఒక పని ఇచ్చింది. ఆయన కళ్లు మూసుకోవాలి. రకరకాల వస్తువులు ఆ మూడు వేళ్లకీ రాసి, అదేమిటో అడగాలి. తర్వాత కళ్లు తెరిచి చూడమనాలి. నరం వచ్చేలోపు మెదడు ఆ వేళ్లను మరిచిపోకుండా ఉండటానికట. బొత్తాలమ్మ ఆ పని నెత్తికెత్తుకుంది. ఇంట్లో దేనికి కొదవున్నా గుడ్డముక్కలకు కొదవ లేదు కాబట్టి ఒక డబ్బా నిండా ముక్కలు పోగేసింది. రోజూ టీ గ్లాసుతోపాటు ఆ డబ్బా పట్టుకొచ్చి ఎదురుగా కూర్చునేది. "తెలుస్తోందా?" అని అడిగేది. "లేదు" అనేవారు మాస్టారు. మర్నాడు మళ్లీ. "లేదు."

నెలల తరబడి సాగిందా తంతు. చివరికొక రోజు మాస్టారు కళ్లు మూసుకునే "పట్టు" అన్నారు. పట్టే! తర్వాత మఖమల్ చెప్పారు, జీన్స్ గుడ్డ చెప్పారు, ఉన్ని చెప్పారు. బొత్తాలమ్మ నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది. ఆనాటినుంచి ఒక్కసారి తప్పితే ఒట్టు. ఈలోగా డాక్టరమ్మ రమ్మన్న రోజు వచ్చింది. "అన్నీ తెలుస్తుంటే మళ్లీ రెండు బస్సులు మారి, ఆ వరసలో పొద్దుగూకేదాకా కూర్చోవడం ఎందుకే?" అన్నారు మాస్టారు. ఆమెకూ నిజమే కదా అనిపించింది. వెళ్లలేదు. ఆ తర్వాత రమ్మన్న రోజూ వెళ్లలేదు.

చెప్పు వీధి మలుపులో దొరికింది. దాన్ని తెచ్చి గుమ్మంలో విసిరేసి లోపలికొచ్చేసరికి ముందుగదిలో మాస్టారు ఇస్త్రీ పెట్టె వేడెక్కించి కూర్చున్నారు. బల్లమీద ఎవరిదో నల్ల కోటు పరిచి ఉంది. పక్కన మాస్టారి అక్క, అంటే ఆమెకు వదిన, మిషను మీద దుప్పటి అంచులు కుడుతోంది. తమ్ముడి చేయి పడిపోయిన నాటినుంచి ఆ మిషను ఆవిడే తొక్కుతోంది, తొక్కినంతసేపూ ఇంటిల్లిపాదికీ సలహాలిస్తోంది.

"ఇదెక్కడిది?" అంది బొత్తాలమ్మ కోటు చూసి.

"ఆర్డరు. బ్యాంకు మేనేజరుగారిది. భుజాలు సరిచెయ్యాలి," అన్నారు మాస్టారు గర్వంగా.

"అప్పుడే ఆర్డరా? నాతో ఒక్క మాట చెప్పక్కర్లేదా?"

"చెప్తే నువ్వు వద్దంటావుగా."

"చూశారా వదినా, మీ తమ్ముడి వరస!"

"నన్నెందుకమ్మాయ్ మధ్యలోకి లాగుతావు? వాడు చిన్నప్పటినుంచీ అంతే. అడిగితే వద్దంటారని చేసేసి చెప్తాడు," అంది వదిన మిషను ఆపకుండా.

బొత్తాలమ్మ విసుక్కుంటూ టీ పెట్టడానికి వెళ్లింది. నీళ్లింకా మరగలేదు, ముందుగదిలోంచి ఒక వాసన వచ్చింది. గుడ్డ మాడిన వాసన ఆమెకు కొత్తకాదు. ఇది గుడ్డ మాడిన వాసన కాదు.

పరుగెత్తుకొచ్చింది. మాస్టారు ఎడమచేత్తో ఇస్త్రీ పెట్టె పట్టుకుని, కుడిచేత్తో కోటు నొక్కిపట్టి, కిటికీలోంచి ఎవరితోనో కబుర్లు చెబుతున్నారు. ఇస్త్రీ పెట్టె అంచు ఆయన కుడిచేతి చూపుడువేలిని ఆనుకుని ఉంది. ఆనుకునే ఉంది. ఆయన నవ్వుతూ ఏదో అంటూనే ఉన్నారు.

"చెయ్యి! చెయ్యి!" అని అరిచి ఆమె ఆ చేతిని లాగేసింది. వేలి పక్కన చర్మం తెల్లగా ఉడికిపోయి ఉంది. మాస్టారు దానివంక చూసి, ఆ తర్వాత "అబ్బా" అన్నారు. చూశాక అన్నారు. చూడకముందు అనలేదు. ఆ తేడా ఆమెకు గుండెలో ముల్లులా దిగింది.

కుళాయి కింద చేయి పెట్టించి, మందు రాసి, గుడ్డ చుట్టింది. కిటికీ దగ్గరి మనిషి మెల్లగా జారుకున్నాడు.

"కాలుతుంటే తెలియలేదా?" అంది చివరికి.

"తెలిసింది. మాటల్లో పడి పట్టించుకోలేదు."

"చర్మం ఉడికేదాకానా?"

"ఎందుకే అంత రాద్ధాంతం? దర్జీ అన్నాక ఇస్త్రీ పెట్టె కాలదా? అక్కా, నువ్వైనా చెప్పు."

"నాకేం తెలుసురా, నాకెప్పుడు కాలినా ఇల్లెగిరిపోయేలా అరుస్తాను," అంది వదిన.

బొత్తాలమ్మ వెళ్లి గుడ్డముక్కల డబ్బా తెచ్చింది. మాస్టారి ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

"కళ్లు మూసుకోండి."

"ఇప్పుడా? వేలు మండిపోతుంటే?"

"మండుతోందా? సంతోషం. మూసుకోండి. మిగతా రెండు వేళ్లున్నాయిగా."

మాస్టారు చచ్చినట్టు మూసుకున్నారు. ఆమె ఒక ముక్క తీసి బొటనవేలికీ మధ్యవేలికీ మధ్య రాసింది. "నైలాన్," అన్నారు. ఇంకొకటి. "జీన్స్." మరొకటి. కాస్త ఆగి "మఖమల్" అన్నారు. మూడూ సరిగ్గానే ఉన్నాయి. ఆమెకు తలా తోకా అందలేదు. గుడ్డ తెలుస్తున్న చేతికి నిప్పు తెలియకపోవడం ఏమిటి?

అంతలో వదిన దుప్పటి రెండో అంచు మొదలుపెట్టింది. మందపాటి గుడ్డ, పాత మిషను. గది దద్దరిల్లింది. బొత్తాలమ్మ ఇంకో ముక్క రాసింది. మాస్టారు మాట్లాడలేదు. మళ్లీ రాసింది. నుదురు ముడిపడింది గానీ నోరు పెగల్లేదు.

"అక్కా, ఆ మిషను కాసేపు ఆపు," అన్నారు.

వదిన కాలు ఆపింది. గదిలో చప్పుడు ఆగింది. బొత్తాలమ్మ చేయి కూడా ఆగిపోయింది.

"మిషను ఎందుకు ఆపాలి?" అంది.

"చెవులు చిల్లులు పడుతున్నాయి."

"పడనివ్వండి. గుడ్డను తెలుసుకోవాల్సింది వేళ్లు. చెవులతో మీకేం పని?"

మాస్టారు ముప్పయ్యేళ్లు గుడ్డలతో బతికిన మనిషి. పట్టు కిరకిరమంటుంది. నైలాన్ సరసరమంటుంది. జీన్స్ గరగరమంటుంది. మఖమల్ అసలు మాట్లాడదు. ఆ సంగతి ఆమెకు మాత్రం తెలియదా? తెలుసు. ఇన్నాళ్లూ తట్టలేదంతే. అదే ఏ చెంచానో, దువ్వెనో, రాయో తెచ్చి రాసి ఉంటే మొదటిరోజే బండారం బయటపడేది. ఏరికోరి ఆయన చెవికి తెలిసిన వస్తువులే డబ్బా నిండా నింపింది తనే.

"వదినా, తొక్కండి," అంది.

"ఎందుకమ్మాయ్, వాడు ఆపమంటున్నా..."

"తొక్కండి వదినా! ఆపొద్దు!"

ఇంటికొచ్చిన నాటినుంచి మరదలు అలా గొంతెత్తడం వదిన చూడలేదు. భయపడి తొక్కింది. గది మళ్లీ దద్దరిల్లింది. బొత్తాలమ్మ ఈసారి డబ్బాలో చేయి పెట్టలేదు. తన వేలే ఆయన బొటనవేలికీ మధ్యవేలికీ మధ్య పెట్టి మెల్లగా రాసింది.

"ఇదేమిటో చెప్పండి."

మాస్టారు కళ్లు గట్టిగా మూసుకున్నారు. ఎంతో ఆలోచించారు.

"నూలు," అన్నారు. "పల్చటి నూలు."

కళ్లు తెరిచి చూసేసరికి ఆయన వేళ్ల మధ్య భార్య వేలుంది. వదిన చూసి మిషను తనే ఆపేసింది.

బొత్తాలమ్మ ఇంతెత్తున లేచింది. "ఎన్నాళ్లనుంచి? ఆ పట్టు చెప్పిన రోజునుంచేనా? ఏమండీ, మిమ్మల్నే! నేను పిచ్చిదానిలా వీధంతా చెప్పుకొచ్చానే మా ఆయన చేయి బాగైపోయిందని! డాక్టరమ్మ ఏమంది? నరం వస్తోందో లేదో చెప్పిన రోజుకి చూడాలి, రాకపోతే మళ్లీ చెయ్యాలి, ఆలస్యమైతే బొటనవేలి కింద కండ కరిగిపోతుంది, ఆ తర్వాత ఎన్ని ఆపరేషన్లు చేసినా లాభం లేదు అనలేదూ? మీరు లేరా అప్పుడు? ఉండి దారం నంబరు అడిగారుగా! రెండుసార్లు ఎగ్గొట్టించారు నాచేత. నాకు అబద్ధం చెబితే చెప్పారు, మీ చేతికి మీరే అబద్ధం చెప్పుకుంటారా?"

"తప్పేనే," అన్నారు మాస్టారు.

"తప్పు అంటే సరిపోతుందా? ఎందుకు? అది చెప్పండి ముందు!"

ఆయన గుడ్డ చుట్టిన వేలివంక చూస్తూ కూర్చున్నారు. "రోజూ పొద్దున్నే అడుగుతావు, తెలుస్తోందా అని. లేదంటాను. నువ్వు పర్లేదులెండి అని నవ్వి వంటింట్లోకి వెళ్తావు. వెళ్లి కుళాయి తిప్పుతావు."

బొత్తాలమ్మ ఉలిక్కిపడింది.

"కుళాయి నీళ్లు గిన్నెలో పడితే ఒక చప్పుడు, ఉత్తినే పోతే ఒక చప్పుడు. నువ్వు గిన్నె పెట్టేదానివి కాదు. నా చెవులు బాగానే ఉన్నాయి కదే, నాకు వినపడేది. రోజూ. నేను లేదన్నందుకే నువ్వక్కడ ఏడుస్తున్నావని తెలిసి మర్నాడు మళ్లీ లేదని ఎలా చెప్పను? ఆ రోజు పట్టు కిరకిరమంది. నోట్లోంచి వచ్చేసింది. నువ్వు నవ్వావు. కుళాయి తిప్పలేదు. ఇక వెనక్కి తీసుకోలేకపోయాను."

"రేపో మాపో ఎలాగూ వస్తుంది, అప్పుడు అబద్ధం నిజమైపోతుంది అనుకున్నావు. అంతేనా?" అంది వదిన.

"అంతే అక్కా."

బొత్తాలమ్మకు ఆయన మీద కోపం పోలేదు, రవ్వంత కూడా పోలేదు. దాని పక్కనే ఇంకొకటొచ్చి కూర్చుంది. రోజూ పొద్దున్నే టీతోపాటు తాను ఈ మనిషికి ఇచ్చింది పరీక్ష. తప్పితే శిక్ష పక్కగదిలో వినపడేది. ఆమె గబగబా చీపురు తీసి ఊడ్చిన గదే మళ్లీ ఊడ్చి, మధ్యలో ఆపి, చీపురు మూలకి గిరాటేసింది.

"లేవండి. ఆసుపత్రికి."

"ఇవాళా? చెప్పకుండా వెళ్తే చూస్తారా?"

"చూడకపోతే గుమ్మంలో కూర్చుంటాను. రెండు కాళ్లకీ చెప్పులేసుకోండి!"

ఆసుపత్రి నడవలో చాలాసేపు కూర్చున్నాక పిలుపొచ్చింది. బొత్తాలమ్మ ఏమీ దాచకుండా అంతా చెప్పేసింది, పట్టు సంగతి, మిషను సంగతి, ఇస్త్రీ పెట్టె సంగతి. డాక్టరమ్మ విన్నంతసేపూ మాస్టారివంకే చూసింది. ముందు కాలిన వేలికి చుట్టిన గుడ్డ విప్పి చూసింది. తర్వాత బొటనవేలి కింద కండ నొక్కి చూసింది. మొహంలో నవ్వు లేదు.

"తగ్గింది కండ. ఎంత తగ్గిందో రెండు నెలల కిందటే చూడాల్సింది," అంది. "అసలు వేళ్లకు ఇప్పుడే తెలియాలని మీకెవరు చెప్పారు మాస్టారూ? దెబ్బ తగిలింది మోచేతి దగ్గర. వేళ్లదాకా రావాలంటే ఇంకా టైముంది. ఇన్నాళ్లూ మీరు నిజంగా లేదు అని చెప్పినా అందులో తప్పేం లేదు. నరం దారిలో ఎక్కడుందో నేను చూస్తాను. ఉంటే సరే. లేకపోతే వెంటనే మళ్లీ తెరవాలి."

ఆయన చేతిని దిండు మీద పెట్టించింది. మణికట్టునుంచి పైకి వేలితో తడుతూ వస్తాననీ, నరం కొస ఉన్నచోట తట్టినప్పుడు కరెంటు పాకినట్టు వేళ్లలో జివ్వుమంటుందనీ, అప్పుడు చెప్పమనీ అంది.

"ఆగండి డాక్టరమ్మా," అంది బొత్తాలమ్మ. లేచి వెళ్లి భర్త వెనక నిలబడి, "కళ్లు మూసుకోండి" అని, రెండు అరచేతులూ ఆయన చెవులకు గట్టిగా అదిమింది.

"దీనికి చెవులతో పనిలేదమ్మా."

"మీకు తెలియదు ఈయన సంగతి. కానివ్వండి."

డాక్టరమ్మ ఈసారి నవ్వింది. మణికట్టు దగ్గర తట్టింది. మాస్టారు కదల్లేదు. కాస్త పైన తట్టింది. లేదు. ఇంకాస్త పైన. లేదు. బొత్తాలమ్మ ఆ వేలినే చూస్తోంది. పైకి పోయేకొద్దీ ఆమె ప్రాణం కిందికి జారిపోతోంది. మోచేయి దగ్గరపడుతోంది, అక్కడ కూడా ఏమీ లేకపోతే అతుకు పట్టలేదన్నట్టే. ఒక్క మాట చెప్పండీ, అబద్ధమైనా చెప్పండీ అని నోటిదాకా వచ్చింది. ఆ మాట తన నోటికే వచ్చినందుకు ఆమె పళ్లు బిగించుకుంది.

డాక్టరమ్మ మళ్లీ ఒకసారి వెనక్కొచ్చి, ముంజేతి మధ్యకు కాస్త కిందగా, కొంచెం పక్కకు తట్టింది.

ఆమె అరచేతుల్లో మాస్టారి తల ఎగిరిపడింది.

ఆయన నోరు తెరవకముందే ఎగిరిపడింది. తర్వాతే "అమ్మో! వేళ్లలోకి పాకింది! చూపుడువేల్లోకి!" అని అరిచారు. చెవులు మూసి ఉన్నాయేమో, ఆ అరుపు నడవలోకి కూడా వినపడి ఉంటుంది. డాక్టరమ్మ ఉలుకూ పలుకూ లేకుండా వేలు ఎత్తేసింది. ఊరికే ఆగింది. తల కదల్లేదు. మణికట్టు దగ్గర తట్టింది. కదల్లేదు. చప్పుడు చేయకుండా మళ్లీ ఆ చోటికే వచ్చి తట్టింది. మళ్లీ ఆమె చేతుల్లో ఆ తల ఎగిరింది. అబద్ధం చెప్పాలంటే ఒక్క క్షణమైనా ఆలోచించుకోవాలి. ఉలిక్కిపడటానికి ఆలోచన అక్కర్లేదు.

"వస్తోంది," అంది డాక్టరమ్మ ఆ చోట పెన్నుతో గీత పెడుతూ. "అతుకు దాటి చాలా దూరం వచ్చింది. నెమ్మదిగానే వస్తుంది. వచ్చేదాకా ఇస్త్రీ పెట్టె ముట్టుకోవద్దు, పిలిచిన రోజుకి రావాలి. ఆ కండకి రోజూ వ్యాయామం చెయ్యాలి. ఇక చెవులు వదలొచ్చమ్మా."

బొత్తాలమ్మ వదల్లేదు. వదిలితే ఆయన వెనక్కి తిరుగుతారు. ఆమె మొహం చూస్తారు. కళ్లనుంచి ధారలు కట్టి మెడ మీదికి జారిపోతున్నాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీగా లేవు. పక్కన చెయ్యి కడుక్కునే తొట్టి ఉంది, దానికో కుళాయి ఉంది. ఆమె దానివంక చూసి, మొహం తిప్పుకుంది. చేతులు తీసేసింది.

మాస్టారు వెనక్కి తిరిగారు. ఆమెను చూసి ఆయన మొహంలో రంగు పోయింది.

"చూడండి," అంది బొత్తాలమ్మ వెక్కుతూనే, విసుగ్గా. "బాగా చూడండి. ఏడుస్తున్నాను. నా ఏడుపు నేను ఏడుస్తాను, దానికోసం మీరు అబద్ధాలు చెప్పక్కర్లేదు. ఏం, కొంపేమైనా కూలిపోయిందా?"